సైకిల్ అమ్మేసే ముందు: లాంగ్ రైడ్లు, స్పెర్మ్ కౌంట్

మీ ప్రశ్న కుదించి చెబితే ఇది. వయసు 32. వారానికి 300 కిలోమీటర్ల దాకా, అంటే దాదాపు పన్నెండు గంటలు సైకిల్ మీదే. ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నారు. వీర్యపరీక్షలో కౌంట్ మిల్లీలీటరుకు 11 మిలియన్లు, మొటిలిటీ (కదిలే వీర్యకణాలు) 31 శాతం, మార్ఫాలజీ (మామూలు ఆకారంలో ఉన్నవి) 3 శాతం వచ్చాయి. డాక్టరు రిపోర్టు చూసి రెండు నిమిషాల్లో "సైకిల్ మానేయండి" అన్నారు. రెండు నెలల్లో 600 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) ఉంది, ఇప్పుడు సైకిల్ అమ్మేయాలా అని అడిగారు.

అమ్మొద్దు. ఆ 600 మాత్రం ఈసారికి వదిలేయండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. నేను డాక్టర్ని కాను. పదిహేనేళ్లుగా లాంగ్ రైడ్లు చేస్తున్నవాణ్ణి. మీరున్న చోటే రెండేళ్లకు పైగా ఇరుక్కుని బయటపడ్డవాణ్ణి. తర్వాత ఇదే సమస్యతో వచ్చిన తోటి రైడర్లు చాలామందితో కూర్చుని రిపోర్టులు తిరగేశాను. కాబట్టి నేను చెప్పేది పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, డాక్టర్ బదులుగా వాడకండి.

మీరు రాసిన దాంట్లో రెండు వాక్యాలు నన్ను ఆపాయి. మీరు మాత్రం వాటిని మామూలుగా దాటేశారు. ఒకటి, పరీక్షకు నెలన్నర ముందు వారం రోజులు 103 డిగ్రీల జ్వరం. రెండు, "ఈ ఐదు నెలల్లో 9 కిలోలు తగ్గాను, క్లైంబింగ్ బాగా మెరుగైంది". డాక్టరుకి ఈ రెండూ చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను.

వీర్యకణం ఒక్కరోజులో తయారయ్యేది కాదు. వృషణంలో మొదలై పూర్తి రూపానికి రావడానికి 64 నుంచి 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత ఎపిడిడిమిస్ అనే సన్నటి మెలికల గొట్టంలో ఇంకో వారం, పది రోజులు ప్రయాణించి, అక్కడే ఈదడం నేర్చుకుంటుంది. అంటే మీరు ఇవాళ ఇచ్చే శాంపిల్‌లో ఉన్నది రెండున్నర, మూడు నెలల కిందట మొదలైన సరుకు. మధ్యలో గట్టి జ్వరం వస్తే, అప్పుడు తయారీలో ఉన్న సరుకంతా దెబ్బతింటుంది. రిపోర్టులో ఆ గుంత రెండు, మూడు నెలల పాటు కనిపిస్తుంది. మీ రిపోర్టు సరిగ్గా ఆ గుంతలో తీసిన ఫోటో. అందులో సైకిల్ వాటా ఎంత, జ్వరం వాటా ఎంత అన్నది ఆ ఒక్క కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ అంకెల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవి: మిల్లీలీటరుకు 16 మిలియన్లు, మొత్తం శాంపిల్‌లో 39 మిలియన్లు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, మామూలు ఆకారంలో ఉన్నవి 4 శాతం. ఈ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను తీసుకుని, వాళ్లలో అట్టడుగున ఉన్న 5 శాతం ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లలోనూ తండ్రులయినవాళ్లు ఉన్నారు. గీత దాటినంత మాత్రాన గ్యారంటీ కూడా లేదు. 3 శాతం మార్ఫాలజీ చూసి "నావన్నీ వంకరవే" అని రాశారు. మామూలు మగవాడికి కూడా నూటికి ఎనభై, తొంభై వంకరగానే కనిపిస్తాయి.

మీరు రాయనిది ఒకటుంది, శాంపిల్ పరిమాణం. 11 మిలియన్లను మిల్లీలీటర్లతో గుణించాలి. 4 మిల్లీలీటర్లు వచ్చి ఉంటే మొత్తం 44 మిలియన్లు, హద్దు దాటినట్టే. ఒకటిన్నరే వచ్చి ఉంటే కథ వేరు.

ఇక్కడ నా బాగోతం ఒకటి చెప్పాలి. నా మొదటి రిపోర్టులో కౌంట్ 8 మిలియన్లు. ల్యాబ్‌లో ఇచ్చిన గది అలమారా అంత ఉంది, తలుపుకి గడియ సరిగా పడదు, బయట ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. ఆ కంగారులో మొదట వచ్చిన కాస్త డబ్బా బయట పడింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, వీర్యకణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనేనట. నేను నేలపాలు చేసిందే అసలు సరుకు. దాన్ని పట్టుకుని నాలుగు నెలలు ఏడ్చాను. అలాంటిదేమైనా జరిగితే అక్కడున్న టెక్నీషియన్‌కి చెప్పేయండి, వాళ్లకిది రోజూ ఉండేదే. కనీసం రెండు పరీక్షలు కావాలి. రెండింటికీ ముందు విరామం ఒకేలా ఉండాలి, రెండు నుంచి ఏడు రోజుల మధ్య. మూడు రోజులనుకుంటే రెండుసార్లూ మూడు రోజులే. ఇంట్లో శాంపిల్ తీస్తే గంటలోపు ల్యాబ్‌కి చేరాలి, దారిలో ఫ్రిజ్ చల్లదనం, ఎండ వేడి రెండూ తగలకుండా.

సరే, సైకిల్ సంగతికి వద్దాం. పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే, ఒకదానికొకటి కాస్త అడ్డంగానే చెబుతున్నాయి. 2011లో అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనంలో సంతానం కోసం క్లినిక్‌కి వచ్చిన 2,261 మందిని చూశారు. మామూలు వ్యాయామానికీ వీర్యానికీ చెడు సంబంధం ఏమీ కనిపించలేదు. కానీ వారానికి ఐదు గంటలు, ఆపైన సైకిల్ తొక్కేవాళ్లలో కౌంట్ తక్కువగా ఉండే అవకాశం వ్యాయామం చేయనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అందరూ పట్టుకుని తిప్పే "ఐదు గంటలు" అన్న అంకె ఇక్కణ్ణుంచి వచ్చిందే. 2014లో బ్రిటన్‌లో 5,282 మంది సైక్లిస్టులను ప్రశ్నాపత్రంతో అడిగితే, ఎన్ని గంటలు తొక్కుతున్నారన్నదానికీ సంతానలేమికీ సంబంధం దొరకలేదు. మొదటి దాంట్లో ఉన్నవాళ్లు అప్పటికే సమస్యతో క్లినిక్‌కి వచ్చినవాళ్లు. రెండో దాంట్లో అసలు వీర్యపరీక్షే లేదు, వాళ్లు రాసిందే ఆధారం. రెండింటినీ ఆ హద్దులోనే నమ్మాలి.

నాకు ఎక్కువ పనికొచ్చినవి చిన్న అధ్యయనాలు. 1996లో అచ్చయినదాంట్లో పోటీల సీజన్‌లో సైక్లిస్టుల వీర్యకణాల కదలిక తగ్గింది, విశ్రాంతి కాలంలో తిరిగి పుంజుకుంది. తర్వాత ఇరాన్‌లో 24 మంది రోడ్ సైక్లిస్టులతో 16 వారాలు గట్టిగా ట్రైనింగ్ చేయిస్తే వీర్యం నాణ్యత తగ్గింది, నెల విశ్రాంతి తర్వాత కూడా పూర్తిగా కోలుకోలేదు. దీన్ని చూపించి "శాశ్వతంగా పోతుంది" అని భయపెట్టేవాళ్లున్నారు. పైన చెప్పిన లెక్క వేసుకోండి. 74 రోజుల తయారీకి 30 రోజుల విశ్రాంతి ఎలా సరిపోతుంది?

నా అంచనా ఇది. ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లొచ్చేవాడికి, ఆదివారం 60 కిలోమీటర్లు తొక్కేవాడికి ఇది పట్టించుకోవాల్సిన విషయమే కాదు. నెలల తరబడి వారానికి పది, పదిహేను గంటలు తొక్కేవాడిలో తగ్గుదల నిజంగానే ఉండొచ్చు. ఆ తగ్గుదల ఎక్కువమందికి తిరిగి వచ్చేదే. మొదట్నుంచీ కౌంట్ దండిగా ఉన్నవాడికి అది తెలియకుండానే పోతుంది. అంచున ఉన్నవాణ్ణి మాత్రం గీత కిందికి నెడుతుంది.

ఎందుకు తగ్గుతుందన్న దగ్గర మనవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. సీటు నొక్కడం వేరు, కౌంట్ తగ్గడం వేరు.

సీటు మీద కూర్చున్నప్పుడు నలిగేది వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి భాగం. అంగానికి వెళ్లే నరం, రక్తనాళాలు అటు నుంచే పోతాయి. అందుకే తిమ్మిరి. వృషణాలకు రక్తం వచ్చే దారి అది కాదు. ఆ ధమని ఎక్కడో పొట్టలో, మూత్రపిండాల నాళాల కింద మొదలై గజ్జల మీదుగా దిగి వస్తుంది. సీటు ఒత్తిడి దాని మీద పడదు. కాబట్టి "తిమ్మిరెక్కింది, ఇక కౌంట్ పోయినట్టే" అన్నది తప్పు. తిమ్మిరి లేదు కాబట్టి కౌంట్ బాగుందనుకోవడమూ అంతే తప్పు.

అలాగని తిమ్మిరిని వదిలేయమని కాదు. నార్వేలో 540 కిలోమీటర్ల రైడ్ చేసిన 160 మందిని అడిగితే 13 శాతం మంది ఆ తర్వాత అంగస్తంభన ఇబ్బంది వచ్చిందన్నారు. వాళ్లలో సగం మందికి అది వారం దాటింది, ముగ్గురికి నెల కూడా దాటింది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న నెలలో వారం పోవడమంటే ఆ నెల పోయినట్టే. నాకు మొదటి 400 కిలోమీటర్ల బ్రెవేలో రాత్రి రెండింటికి కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర దిగి మూత్రానికి వెళ్తే అక్కడ నా ఒళ్లు నాది కానట్టే ఉంది. వేలితో తాకితే అట్టముక్కని తాకినట్టుంది. నవ్వుకుని మళ్లీ ఎక్కి తొక్కాను. ఇప్పుడైతే అక్కడే ఆపేస్తాను.

మరి కౌంట్‌ని దెబ్బతీసేది ఏమిటంటే మొదటిది వేడి. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. దేవుడు వాటిని బయట వేలాడదీసిందే అందుకు. బిగుతైన బిబ్ షార్ట్స్ (భుజాల పట్టీలున్న సైక్లింగ్ నిక్కరు), మందపాటి ప్యాడ్, పైన ఒంటి బరువు, ఎనిమిది గంటలు. ఊరి బయట గాలిలో తొక్కేటప్పుడు పరవాలేదు, కాళ్లు ఆడుతుంటాయి, గాలి తగులుతుంది. ఓ మోస్తరు వేగంతో గంటసేపు తొక్కితే కుర్చీలో కదలకుండా కూర్చున్నదానికన్నా ప్రమాదమేమీ లేదు. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీద, ఫ్యాన్ లేకుండా, చెమటలో నానుతూ రెండు గంటలు తొక్కడం అన్నిటికన్నా అధ్వానం. ఇంకో తప్పు అందరం చేసేదే. రైడ్ అయ్యాక అదే షార్ట్స్‌తో కబుర్లు చెబుతూ గంటన్నర కూర్చోవడం, ఆపైన ఒళ్లు నొప్పులని వేడినీళ్ల టబ్బో ఆవిరి స్నానమో.

రెండోది తిండి. మీ 9 కిలోలు చూసి నాకు నిజంగా కంగారు పుట్టింది ఇక్కడే. వారానికి పన్నెండు గంటలు తొక్కుతూ, తిండి తగ్గించి బరువు దించితే మెదడు ఒక లెక్క వేసుకుంటుంది: ఇంట్లో సరుకులు లేవు, ఇప్పుడు పిల్లలెందుకని. వృషణాలకు ఇచ్చే హార్మోన్ ఆదేశాలు తగ్గిస్తుంది, టెస్టోస్టిరాన్ పడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి RED-S అని పేరు పెట్టి, ఆడవాళ్లకే కాదు మగ అథ్లెట్లకూ వస్తుందని చెప్పింది. గుర్తులు మీకే తెలుస్తాయి: పొద్దున లేవగానే ఉండే స్తంభన కనిపించకపోవడం, కోరిక తగ్గడం, ఎప్పుడూ చలిగా ఉండడం, చిన్నదానికి చిరాకు, గాయాలు ఆలస్యంగా మానడం. వీటిలో రెండు, మూడు ఉంటే సీటు మార్చడం కన్నా ముందు కంచం మార్చండి. లాంగ్ రైడ్‌లో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. నీళ్లు తాగుతూ ఐదు గంటలు తొక్కేసి అది క్రమశిక్షణ అనుకోవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. టెస్టోస్టిరాన్ తక్కువుందని ఎవరైనా ఇంజెక్షన్ వేయించుకోమంటే పరుగెత్తండి, సూది వైపు కాదు, గుమ్మం వైపు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే లోపలి ఫ్యాక్టరీ మూతపడుతుంది. దాన్ని మగవాళ్ల గర్భనిరోధకంగా వాడొచ్చేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష చేయించి 1990లో ఫలితాలు ఇచ్చింది. వారానికి 200 మిల్లీగ్రాములు తీసుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లో వీర్యకణాలు సున్నా అయ్యాయి. పిల్లల కోసం చూస్తున్నవాడు వేయించుకోవాల్సిన సూది కాదది.

మౌంటెన్ బైక్ మీద రాళ్లలో దూకేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు స్కాన్ చేస్తే వృషణ కోశంలో చిన్న చిన్న దెబ్బల గుర్తులు చాలామందిలో కనిపించాయి. మీరు రోడ్ మీద తొక్కేవారు కాబట్టి అది వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మీ డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి, బట్టలు తీయించి, చేత్తో పరీక్ష చేశారా?

నాకు రెండేళ్లు ఎవరూ చేయలేదు. రిపోర్టు చూడడం, సైకిల్ అనగానే తల ఊపడం. నేనూ దానికి అలవాటుపడ్డాను. ఆర్నెల్లు పూర్తిగా మానేశాను, ఏడు కిలోలు పెరిగాను, కౌంట్ 8 నుంచి 10కి వచ్చింది, అంతే. తర్వాత వేరే చోట ఒక పెద్దాయన, యూరాలజిస్ట్, నా ఫైల్ తెరవకుండానే లేచి నిలబడమన్నారు. దగ్గమన్నారు. ఎడమవైపు తడిమి, "ఇదిగో, ఇక్కడుంది" అన్నారు. వేరికోసీల్. సిరలు ఉబ్బి చుట్టుకుపోయి, తడిమితే వానపాముల మూటలా ఉంటుంది. ఆ సిరల్లో ఆగిన రక్తం వృషణాన్ని వెచ్చబెడుతుంది. మగవాళ్లలో నూటికి 15 మందికి ఉంటుంది, సంతానం కోసం వచ్చే మగవాళ్లలో 35, 40 మందికి. చాలామందికి నొప్పి ఉండదు. నాకు ఆపరేషన్ అయ్యాక ఆరో నెల రిపోర్టులో 24 మిలియన్లు. అప్పటికి మళ్లీ వారానికి నాలుగు గంటలు తొక్కుతున్నాను కూడా.

అందరికీ వేరికోసీలే ఉంటుందని కాదు, ఉన్నవాళ్లందరికీ కోతా అక్కర్లేదు. చేయి పెట్టి చూడకుండా సైకిల్ మీద నెట్టేస్తే మీరూ నాలాగే రెండేళ్లు పోగొట్టుకుంటారు, అదే నా బాధ. యూరాలజిస్ట్ లేదా ఆండ్రాలజిస్ట్ (మగవాళ్ల సంతాన సమస్యల డాక్టరు) దగ్గరికి వెళ్లి చూపించుకోండి. పొద్దున పూట టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలకు మెదడు పంపే హార్మోన్) రక్తపరీక్షలు రాస్తారు. కౌంట్ 5 మిలియన్ల కిందికి వస్తే జన్యుపరీక్షల మాట వస్తుంది, ఇప్పుడు మీకా అవసరం కనిపించడం లేదు.

దాంతోపాటు మీ ఆవిడ పరీక్షలు. మీ ప్రశ్నలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు. ఏడాది ప్రయత్నించాక ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టాలి, ఆమెకు 35 దాటితే ఆర్నెల్లకే. తప్పంతా నా సైకిల్‌దే అని భుజాన వేసుకోవడం త్యాగంలా అనిపిస్తుంది. మా ఇంట్లో దానివల్ల ఆమె థైరాయిడ్ సమస్య ఎనిమిది నెలలు ఆలస్యంగా బయటపడింది.

ఇంకొకటి, భయపెట్టడానికి కాదు. స్నానం చేసేటప్పుడు వృషణాల్లో గట్టి గడ్డ ఏదైనా తగిలితే, ఒకటి పెద్దదైతే, "సీటు ఒరుసుకుని ఉంటుంది" అనుకోవద్దు. అమెరికన్ సైక్లిస్ట్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాపుని అలాగే పట్టించుకోలేదు, 1996లో 25 ఏళ్లకు క్యాన్సర్ బయటపడేసరికి ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. అది సైకిల్ వల్ల వచ్చింది కాదు. కీమోకి ముందు వీర్యం దాచిపెట్టుకోవడం వల్ల తర్వాత పిల్లలు పుట్టారు.

మీరు చేయాల్సింది, నా లెక్కలో, ఇవాళ్టి నుంచి వంద రోజులు. సైకిల్ వారానికి ఐదు గంటలలోపు, ఒక్కో రైడ్ గంటన్నరకి మించకుండా. 600కి 40 గంటల గడువు, ఒక్కరాత్రి నిద్ర కూడా సరిగా ఉండదు, దానికి ముందు ట్రైనింగ్ ఇంకా ఎక్కువ. అందుకే అది వద్దన్నాను. మిగతా సమయం నడక, ఈత, బరువులు. సైకిల్ మానేసి ఆ కసి అంతా మారథాన్ మీద చూపిస్తే మళ్లీ మొదటికొస్తారు. బరువు తగ్గించడం ఆపండి. ట్రైనర్ ఎక్కితే ఎదురుగా పెద్ద ఫ్యాన్. రైడ్ అయిన పది నిమిషాల్లో షార్ట్స్ మార్చి వదులు బట్టలు. ఒళ్లో ల్యాప్‌టాప్ వద్దు, వేడినీళ్ల టబ్బు వద్దు, సిగరెట్ ఉంటే అదీ.

సీటు సంగతి ఈలోగా చూసుకోండి. గట్టి మెట్టు మీద గరుకు అట్టముక్క ఒకటి, ప్యాకింగ్ డబ్బాది, పరిచి సన్నటి బట్టతో దాని మీద కూర్చుని కాస్త ముందుకు వంగండి. లేచి చూస్తే రెండు గుంటలు పడతాయి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే బాగా కనిపిస్తాయి. వాటి మధ్య దూరం కొలవండి. మీ బరువు మోయాల్సిన రెండు ఎముకలు అవే. సీటు దానికన్నా కాస్త వెడల్పుండాలి. మెత్తగా ఉంటే మంచిదనుకుని లావు ప్యాడింగ్ సీటు కొనొద్దు. ఎముకలు అందులో దిగబడి మధ్య భాగం పైకి పొడుచుకొస్తుంది. జర్మనీలో కొలిచి చూస్తే, సన్నగా ఉండి బాగా ప్యాడింగ్ ఉన్న సీటు మీద అంగంలో ఆక్సిజన్ 82 శాతం పడిపోయింది, వెడల్పాటి సీటు మీద 20 శాతమే. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి సీటు ముక్కు పైకి లేవకుండా చూడండి. హ్యాండిల్‌బార్ సీటు ఎత్తుకి తీసుకురండి. అమెరికా పరిశోధకులు దాదాపు 4 వేల మందిని అడిగిన 2018 అధ్యయనంలో, తొక్కే సమయంలో ఐదో వంతుకు పైగా పెడల్స్ మీద నిలబడేవాళ్లకు తిమ్మిరి తక్కువని తేలింది. నేనైతే పది నిమిషాలకోసారి అరనిమిషం లేస్తాను, చదునైన రోడ్డయినా సరే.

వందో రోజు దాటాక, అదే ల్యాబ్‌లో, అన్నే రోజుల విరామంతో మళ్లీ పరీక్ష. అంకెలు లేస్తే మీ దగ్గర సమాధానం ఉన్నట్టే. గర్భం నిలిచేదాకా ఆ ఐదు గంటల దగ్గరే ఆగండి. అంకెలు లేవకపోతే సైకిల్‌ని తప్పుపట్టడం ఆపి, ఆ పెద్దాయన నాకు చేసినట్టు మిమ్మల్ని నిలబెట్టి చూసిన డాక్టరు ఏం చెప్పారో దాని వెంట వెళ్లండి.

రెండో రిపోర్టు వచ్చాక ఇక్కడ పెడితే శాంపిల్ ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజుల విరామం, ఆ మూడు నెలల్లో జ్వరం ఏమైనా వచ్చిందా, ఈ మూడూ తప్పకుండా రాయండి. మీ ఆవిడ రిపోర్టులు ఏమన్నాయో కూడా.